తెలుగులో అడిగితే నర్సింలు

నర్సింలుకు ఒక కుర్చీ కావాలి. సర్పంచ్ కుర్చీ కాదు, మంత్రి కుర్చీ అసలే కాదు. వీపు ఆనించుకోవడానికి ఇంత ప్లాస్టిక్ పలక ఉండి, మోకాళ్ళు వంచి కూర్చున్నాక ఎవరూ వచ్చి "యల్లా, యల్లా" అని లేపని కుర్చీ అయితే చాలు. ఖతర్ వచ్చిన నాటినుంచి అతను తుడిచిన కుర్చీలన్నీ వరసగా వేస్తే దోహానుంచి దేశం ఉత్తరపు కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్ దాకా పోతాయి. కూర్చున్నవి మాత్రం ఒక చిన్న గదిలో పట్టేస్తాయి. పనివాళ్ళుండే క్యాంపులో ఉండేవి మంచాలే, ఒకదాని నెత్తిన ఒకటి. కింది మంచం మీద నిటారుగా కూర్చుంటే పైమంచం ఇనుపపట్టీ నడినెత్తిన తగులుతుంది కాబట్టి గదిలో ఉన్నంతసేపూ పడుకోవాలి, లేదంటే నిలబడాలి. బస్సులో సీటు దొరుకుతుంది గాని, డ్యూటీ దిగి బస్సెక్కిన మనిషి కూర్చున్నాడని ఎవరంటారు? కళ్ళు మూస్తాడు, క్యాంపు దగ్గర తెరుస్తాడు. అంతే.

జగిత్యాల పక్క పల్లెటూరు అతనిది. మనిషికి యాభై దగ్గర పడుతున్నాయి, మోకాళ్ళు మాత్రం ఎప్పుడో అరవై దాటాయి. వచ్చిన కొత్తలో సైటు పనులు చేశాడు, సిమెంటు మోశాడు. ఇప్పుడొక క్లీనింగ్ కంపెనీ తరఫున యూనివర్సిటీలో పని. యూనివర్సిటీ అనగానే చల్లటి గదులు గుర్తొస్తాయేమో. గదులు లోపలివాళ్ళవి. నర్సింలుది బయటి డ్యూటీ. దుమ్ముగాలి కొట్టిన మర్నాడు ఆ పొడుగాటి వసారాలన్నీ కడగాలి, మెట్ల సందుల్లో ఇసుక ఊడ్చాలి, మనిషెత్తు అద్దాలు తుడవాలి. తుడిచి వెనక్కి తిరిగేలోగా మళ్ళీ దుమ్ము. వేసవి చివర్లో ఉక్క పట్టిందంటే గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది. ఆ పని బరువైందని చెప్పలేం. చేసే మనిషి అరిగిపోయాడు, అదీ సంగతి.

ఆ కంపెనీకి యూనివర్సిటీ బేస్‌మెంట్‌లో ఒక స్టోర్ ఉంది. ఫినాయిల్ డబ్బాలు, మాపులు, గ్లవ్స్ పెట్టెలు, వాటి నడుమ ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. ఎవరేం పట్టుకెళ్ళారో కంప్యూటర్లో ఎక్కించడమే అక్కడి పని. ఆ కుర్చీలో కూర్చునే నేపాలీ పెద్దాయన పని మానేసి ఇంటికి వెళ్ళిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. ఆ మాట తెలిసిన రోజునుంచీ నర్సింలు గ్లవ్స్ కోసం వెళ్ళినప్పుడల్లా ఆ కుర్చీ వంక చూసేవాడు. దానికి చక్రాలు కూడా ఉన్నాయి.

సూపర్‌వైజర్ సాలమన్‌ది పాలకొల్లు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఒకరోజు మెట్లమీద మోకాలు పట్టుకుని నిలబడిపోయిన నర్సింలును చూసి దగ్గరకొచ్చాడు.

"ఏవయ్యా రత్నాకరూ, ఇంకెన్నాళ్ళు కుంటుతావ్ ఇలా? నీకు టెన్త్ ఉంది కదా. ఇక్కడి స్టూడెంట్లు సాయంత్రాలు మన వర్కర్లకి ఊరికే కంప్యూటర్ నేర్పుతున్నారంట. వెళ్ళి ఆ సర్టిఫికెట్ తెచ్చుకో. మేనేజర్‌తో నేను మాట్లాడి నిన్ను స్టోర్లో కూర్చోబెడతాను."

ఈ రత్నాకర్ ఎవరని అడుగుతారు. నర్సింలే. ఇక్కడ కాస్త ఆగి ఈ పేరు సంగతి చెప్పుకోవాలి, లేకపోతే కథ ముందుకు కదలదు.

నర్సింలు చదువు ఆరో తరగతిలో ఆగింది. ఆగింది అనడం మర్యాదకు. బర్రెల వెనక పోయింది. పెళ్ళయ్యాక దుబాయ్ పోదామని ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ ఊళ్ళో ఖతరైనా కువైటైనా దుబాయే. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టు మీద అడ్డు ముద్ర ఉండదు, గబుక్కున పంపించొచ్చు. పాసవ్వనివాడికి ముద్ర పడుతుంది, ఆ ముద్రకు మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి అని ఏజెంటు చెప్పాడు. చెప్పి, "మీ ఇంట్ల పది పాసైనోడు ఎవడన్న ఉన్నడా?" అని అడిగాడు. ఉన్నాడు. భార్య మమత తమ్ముడు, రత్నాకర్. బామ్మర్ది పది పాసైన సర్టిఫికెట్ ఇచ్చాడు, బావ ఫోటో ఇచ్చాడు, ఏజెంటు రెండూ కలిపాడు. ఆ రోజుల్లో ఆ పక్క ఊళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు వాడకు ఒకరిద్దరు ఉండేవాళ్ళు. అది నేరమని వాళ్ళెవరికీ తోచలేదు, అరువు తెచ్చుకున్న చొక్కా అనుకున్నారు. ఇంట్లోంచి నర్సింలుగా బయల్దేరిన మనిషి విమానం దిగేసరికి రత్నాకర్ అయ్యాడు. చొక్కా మళ్ళీ విప్పే వీలు లేకపోయింది.

అప్పటినుంచి బ్యాడ్జి మీద రత్నాకర్, బ్యాంకు కార్డు మీద రత్నాకర్, ఆస్పత్రిలో పిలిచేదీ రత్నాకర్. గదిలో తనవైపు వాళ్ళు మాత్రం నర్సన్నా అంటారు. సాలమన్ అదేదో ముద్దుపేరనుకున్నాడు. నర్సింలు నోరు కూడా తనంతట తానే ఒక ఏర్పాటు చేసుకుంది. హిందీలోనో ఇంగ్లీషులోనో పేరు అడిగితే రత్నాకర్ అని వస్తుంది. తెలుగులో అడిగితే నర్సింలు అని వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు, ఎందుకంటే పేరు అడిగి రాసుకునేవాళ్ళెవరూ అతన్ని తెలుగులో అడగలేదు.

అసలు రత్నాకర్ ఊళ్ళో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. అతనికీ ఒకప్పుడు దుబాయ్ పోవాలని ఉండేది. తన పేరు ముందే వెళ్ళిపోయింది కాబట్టి తను వెళ్ళలేకపోయాడు. "సొమ్మొకడిది సోకొకడిది బావా! పది పాసైంది నేను, విమానమెక్కింది నువ్వు" అని ఫోన్లో నవ్వుతాడు. బావాబామ్మర్దుల వేళాకోళమే గాని ఆ నవ్వులో ఒక రవ్వ ఉప్పు ఉంటుంది. అది నర్సింలు నాలుకకు తగులుతుంది. ఏమనగలడు, తనూ నవ్వుతాడు.

సరే, క్లాసు. డ్యూటీ దిగి, యూనిఫామ్ మార్చుకుని, బ్యాడ్జి జేబులో వేసుకుని నర్సింలు ఆ కంప్యూటర్ల గదిలోకి వెళ్ళాడు. సెలవుల్లో లోపలి శుభ్రానికి పిలిచినప్పుడు ఆ గదిలో కుర్చీలు చాలాసార్లు తుడిచాడు. వాటిమీద కూర్చోవడం మాత్రం అదే మొదలు. అంచున కూర్చున్నాడు, తనది కాని పెళ్ళిలో కూర్చున్నట్టు. చుట్టూ నేపాలీలు, బెంగాలీలు, ఇద్దరు కెన్యా ఆడవాళ్ళు. అందరి కళ్ళూ ఎర్రగా, అందరి వీపులూ వంగి. పేర్లు నమోదు చేసే పద్ధతి అక్కడ లేదు. వచ్చి కూర్చున్నవాళ్ళే విద్యార్థులు.

నేర్పేది మెహర్ సుల్తానా అనే అమ్మాయి. ఆ యూనివర్సిటీలోనే చదువుతోంది. వాళ్ళది హైదరాబాదే గాని ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, అల్ మన్సూరాలో ఇల్లు. మొదటిరోజే ఒక మాట హిందీలో గట్టిగా చెప్పింది. "మీ కీబోర్డు మీద నా చెయ్యి పెట్టను. ఎంత ఆలస్యమైనా సరే, తప్పు మీదే, దిద్దడం మీదే." ఆ మాటకు నర్సింలు మనసులో ముడుచుకుపోయాడు. తప్పు చేస్తే దిద్దుకోనిచ్చే చోట అతనెప్పుడూ పని చెయ్యలేదు.

కీబోర్డు చూశాక ఇంకా నీరుకారిపోయాడు. "గీ అక్షరాలేంది, ఎవడో కింద పారబోసి ఏరి అతికిచ్చినట్టున్నయి" అని గొణుక్కున్నాడు. అది మెహర్ సుల్తానా చెవిన పడింది. మొహం వెలిగించుకుని వచ్చింది.

"అరే, తెలుగా? మా దాదీ గల్లీల అందరు తెలుగే మాట్లాడ్తరు. నాకు గూడ థోడా థోడా వస్తది. మీ పేరేంది అంకుల్?"

"నర్సింలు" అన్నాడు.

అన్నానని అతనికి తెలియనే తెలియదు. "అచ్ఛా, అదే టైపు చెయ్యండి. అదే మీ అకౌంట్" అని ఆమె పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నర్సింలు ఒక వేలితో ఎన్ కోసం వెతికాడు, ఏ కోసం వెతికాడు. పేరు మొత్తం తెరమీదికి వచ్చి, దాన్ని పైకి చదువుకున్నాక గాని సంగతి తెలియలేదు. అయ్యో, చేతులారా ఎంత పని చేశాను! భయం వేసింది. సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు. అతని పేరు అచ్చక్షరాల్లో, అంత వెలుతురులో, ఎప్పుడు కనబడింది గనక? చెప్పాలి, ఈ అమ్మాయికి చెప్పి మార్పించుకోవాలి అనుకున్నాడు. ఇవాళ కాదులే, వచ్చే క్లాసులో, అని కూడా వెంటనే అనుకున్నాడు.

వచ్చే క్లాసు వచ్చింది, పోయింది. ఆ తర్వాతివీ పోయాయి. చెప్పలేదు.

చెప్పడానికి ఒంట్లో ఓపిక ఉంటే కదా. పొద్దంతా ఎండలో నిలబడిన మనిషి చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది? నిద్రపోతాడు. ఒకరోజు వేలు ఒకే మీటమీద పెట్టి కునుకు తీశాడు. లేచి చూస్తే పేజీల నిండా జీ, జీ, జీ. పక్కనున్న నేపాలీ కళ్ళనీళ్ళొచ్చేట్టు నవ్వాడు. మౌసును మొదట్లో తుడిచేగుడ్డ పట్టినట్టు అరచేత్తో అదిమి బల్లంతా గుండ్రంగా తిప్పేవాడు. తెరమీద బాణం గుర్తు ఎక్కడో మూలకు పోయి నక్కేది. క్లాసు అవగానే లేచి, తను కూర్చున్న కుర్చీని జేబులో గుడ్డతో ఒకసారి తుడిచి, వరసలో సరిగ్గా నెట్టి మరీ వెళ్ళేవాడు. వద్దని మెహర్ ఎంత చెప్పినా చెయ్యి ఊరుకునేది కాదు.

వాటన్నిటిలో అతనికి బాగా నచ్చింది ఒక మీట. తప్పు కొట్టిన అక్షరాన్ని వెనక్కి వెనక్కి తినేసే మీట. "భయపడకండి అంకుల్, ఇది నొక్కితే పోతది. మళ్ళ కొత్తగ రాయండి" అంది మెహర్. నొక్కాడు, పోయింది. మళ్ళీ నొక్కాడు, ఇంకొకటి పోయింది. ఆ రోజు బస్సులో నిద్రపోకుండా దాని గురించే ఆలోచించాడు. ఏజెంటు బల్లమీద అలాంటిదొకటి ఉండి ఉంటే.

ఇంకో సంగతి కూడా ఉంది, అది నిద్రకంటే పెద్దది. ఆ గదిలో ఒక చదువుకున్న పిల్ల అందరి ముందూ "నర్సింలు అంకుల్" అని పిలుస్తుంది. "నర్సింలు అంకుల్, శభాష్." "నర్సింలు అంకుల్, లేవండి, నిద్రొద్దు." గదిలోవాళ్ళు పిలవరా అంటే పిలుస్తారు, ఉప్పు అందుకో అన్నట్టు పిలుస్తారు. ఇది వేరు. ఈ దేశంలో ఒక ఆఫీసులాంటి చోట, లైట్ల కింద, దాచుకోకుండా వినబడే పేరు. ఆ పిలుపు కోసం అతను క్లాసుకు వచ్చేవాడంటే కుర్చీకి కోపం రాకూడదు. క్లాసుకు వచ్చే తన కంపెనీవాళ్ళు కూడా, బ్యాడ్జి మీది పేరు వేరని తెలిసినా, ఏమనుకోలేదు. ఒక పేరో రెండు పేర్లో, అలసిపోయినవాడికి ఎవడి గొడవ ఎవడికి.

ఒక శుక్రవారం మమత ఫోన్లో అడిగింది.

"పాసైతే కాగితమిస్తరా?"

"ఇత్తరట."

"ఎవల పేరు మీద?"

"గాడ అందరు నన్ను నర్సింలనే పిలుత్తున్నరు."

మమత గొంతు మారింది. "గట్లయితే అది నాకు పంపు. మనింట్ల నువ్వు పాసైన కాగితం ఒక్కటన్న లేదు. పటం కట్టిత్త. మా తమ్మునిది ఒక్కటి పట్టుకొని ఎన్నేండ్లాయె బతుకవట్టి."

ఆ మాటతో చిక్కు రెండింతలైంది. కుర్చీ కావాలంటే కాగితం మీద రత్నాకర్ అని ఉండాలి. మమతకు ఇవ్వాలంటే నర్సింలు అని ఉండాలి. చివరి క్లాసులో పరీక్ష పెట్టారు. ఒక పేరా టైపు చెయ్యాలి, దాన్ని దాచిపెట్టాలి, మళ్ళీ వెతికి తియ్యాలి. నర్సింలు అందరికంటే ఆఖరున ముగించాడు, కాని ముగించాడు. అప్పుడు మెహర్ ఒక్కొక్కరినీ పిలిచి సర్టిఫికెట్ నమూనా తెరమీద చూపించింది. "పేరు సరిగ్గ ఉందా చూడండి. రేపటికి ప్రింటవుతది."

చుట్టూ బంగారు రంగు అంచు. నడుమ పెద్ద పెద్ద అక్షరాల్లో నర్సింలు. ఇదే సమయం, చెప్పెయ్యాలి అని నోరు తెరిచాడు. ఎవడైనా ఆ అక్షరాలు చూసి, ఇది నాది కాదు అనగలడా, సొంత నోటితో?

"సరిగ్గనే ఉంది బిడ్డా" అన్నాడు.

క్యాంపుకు పోయాక తన తల తను కొట్టుకున్నాడు. తనకు తానే ఒక మాట చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. కాగితాలు చేతికిచ్చేటప్పుడు మెల్లగా అందుకుందాం, తర్వాత ఆమెనడిగి ఇంకొకటి రాయించుకుందాం, ఎవరు చూడొచ్చారు?

చూసేవాళ్ళు వచ్చారు. సర్టిఫికెట్లు ఇచ్చేది చిన్న హాలులో, వేదిక మీద, మైకులో పేర్లు పిలిచి. ముందు వరసలో కంపెనీ మేనేజర్ కూర్చున్నాడు. పక్కన సాలమన్. ఆ రోజే స్టోర్ మనిషిని తేల్చేస్తానని మేనేజర్ అన్నాడట. "నీ పేరు పిలవగానే చురుగ్గా లేచి వెళ్ళు, ఆయన కళ్ళారా చూడాలి" అని సాలమన్ ముందే చెప్పి ఉంచాడు. నర్సింలు రెండో వరసలో, సరిగ్గా వాళ్ళ వీపుల వెనక.

కెన్యా ఆవిడ వెళ్ళింది, చప్పట్లు. నేపాలీ వెళ్ళాడు, చప్పట్లు. "నర్సింలు" అంది మైకు.

మేనేజర్ మామూలుగానే కూర్చున్నాడు. ఆ పేరుతో ఆయనకు పని లేదు, సాలమన్‌కూ ఆ ముద్దుపేరు గుర్తురాలేదు. కాని ఆ పేరుకు లేచి నిలబడింది తన కంపెనీ రత్నాకర్ అయితే ఆయన తప్పకుండా తల తిప్పుతాడు. తల తిప్పితే అడుగుతాడు. అడిగితే పాస్‌పోర్టు దాకా పోతుంది, పాస్‌పోర్టు దాకా పోతే విమానం దాకానో జైలు దాకానో పోతుంది. నర్సింలు లేవలేదు. "నర్సింలు?" అని మళ్ళీ పిలిచింది మెహర్. ఆమె అతన్నే చూస్తోంది, నవ్వుతూ, రమ్మని చెయ్యూపుతూ, మళ్ళీ నిద్రపోయాడనుకుంటూ. అతను తల దించుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది, అమ్మా అని అరవడానికి కూడా లేదు. మూడోసారి పిలిచింది. ఈసారి నవ్వు లేదు. ఆ కాగితాన్ని అన్నిటి కిందా పెట్టి, తర్వాతి పేరు పిలిచింది.

బతుకంతా కూర్చోవాలని కోరుకున్నాడు. ఒక్కసారి, ఆ ఒక్కసారి లేచి నిలబడాలని ప్రాణం కొట్టుకుంది. కూర్చునే ఉన్నాడు. ఆ కుర్చీ మెత్తగానే ఉంది, కాని అంత చెడ్డ కుర్చీలో అతనెప్పుడూ కూర్చోలేదు.

అందరూ పళ్ళరసం డబ్బాలు తీసుకుంటుంటే సాలమన్ వచ్చి పట్టుకున్నాడు. "ఏంటయ్యా, నీ పేరే పిలవలేదు? ఫెయిలయ్యావా? నేను ఆయనకేం చెప్పుకోను?"

"ఫెయిల్ కాలే సార్. పాసైన. కాగితం మేడం దగ్గరున్నది, తెత్త."

"రేపు పొద్దున్నే నా చేతిలో ఉండాలి. లేకపోతే కుర్చీ ఇంకోడిది, తర్వాత నన్ననుకుని లాభం లేదు" అని సాలమన్ వెళ్ళిపోయాడు.

మెహర్ కంప్యూటర్ల గదిలో ఒంటరిగా తీగలు సర్దుతోంది. నర్సింలును చూసి మొహం తిప్పుకుంది. "మూడుసార్లు పిలిచిన అంకుల్. నా ముందరే కూర్చున్నరు. మీకు నా క్లాస్ అంటే అంత సిగ్గా?"

జేబులోంచి బ్యాడ్జి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఫోటో చూసింది, పేరు చదివింది, మళ్ళీ ఫోటో చూసింది. గల్ఫ్‌లో పెరిగిన పిల్ల. ఇలాంటివి ఇంట్లో పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే వినే ఉంటుంది.

"మరి మీ అసలు పేరు ఏది అంకుల్?"

"నువ్వు పిలిచిందే బిడ్డా."

"ఇది తప్పు కాదా?"

"తప్పే. ఎప్పటిదో తప్పు. ఇప్పుడు దాన్ని దిద్దబోతే నేను మిగల." బ్యాడ్జి వైపు చెయ్యి చూపించాడు. "నాకు బ్యాడ్జి మీది పేరుతోని కాగితం కావాలె. మోకాళ్ళు పోయినయి బిడ్డా. ఇగ నిలవడలేను."

ఆమె ఒక కంప్యూటరు తెరిచి, ఆ సర్టిఫికెట్ తెరమీదికి తెచ్చింది. తెచ్చి, అలవాటు కొద్దీ తన కుర్చీ పక్కకు జరుపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మొదటిరోజు చెప్పిన మాట ఇవాళ కూడా మాటే. కీబోర్డు మీద ఆమె చెయ్యి పెట్టదు.

నర్సింలు కూర్చున్నాడు. ఈసారి అంచున కాదు. మౌసును సరిగ్గా పట్టుకుని, పేరు చివర ఒకసారి నొక్కాడు. అక్కడ సన్నటి గీత నిలబడి కళ్ళార్పింది. తర్వాత తనకు నచ్చిన మీటమీద వేలు పెట్టాడు. యూ పోయింది. ఎల్ పోయింది. ఒత్తి పట్టుకుంటే మొత్తం ఒక్కసారే పోతుందని అతనికి తెలుసు, నేర్చుకున్నాడు. ఒత్తి పట్టుకోలేదు. ఒక్కొక్కటే నొక్కాడు. మొదటి ఎన్ ఒక్కటే మిగిలాక చెయ్యి ఆగింది. తెరమీంచి చూపు తిప్పి మెహర్ కిటికీలోంచి బయటికి చూడసాగింది. అతను నొక్కాడు. బంగారు అంచు నడుమ ఖాళీ తెలుపు.

రత్నాకర్ అని కొట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్క తప్పూ పడలేదు, ఒక్క అక్షరం కోసమూ వెతుక్కోలేదు. మార్పులు దాచమంటావా అని కంప్యూటరు అడిగింది. దాచమన్నాడు.

ప్రింటయిన కొత్త కాగితం అతనికిచ్చి, పాతది చేతిలో పట్టుకుని మెహర్ అడిగింది. "ఇది?"

ఫోను తీసి దానికొక ఫోటో కొట్టుకున్నాడు, మమత కోసం. "నీ దగ్గర్నే ఉండనియ్యి బిడ్డా. క్యాంపుల పెట్టెలు తెరిసి సూత్తరు" అన్నాడు. లేచి, కుర్చీ తుడిచి, వరసలోకి నెట్టి వెళ్ళిపోయాడు. ఆమె వద్దనలేదు.

కుర్చీ వచ్చింది. మాట మీద నిలబడ్డాడు సాలమన్. ఊళ్ళో మమత ఆ ఫోటోను వాడకట్టంతా చూపించిందట. కంపెనీకిచ్చిన కాగితం తన పేరు మీదే ఉందని తెలిసి బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఇంట్ల కూసోని నేను కంప్యూటర్ గూడ పాసైన గదా!" అని పడీపడీ నవ్వాడు. నర్సింలు కూడా నవ్వాడు. ఈసారి ఉప్పు ఇద్దరికీ తగిలింది.

బేస్‌మెంట్‌లో ఎండ రాదు, గాలి రాదు, దుమ్ము రాదు. చక్రాలున్న ఆ కుర్చీ ఒక పక్కకు ఒరుగుతుంది గాని వీపుకు బాగుంటుంది. కూర్చుంటే మోకాళ్ళు మొదట్లో నమ్మలేదు, ఇంకా నొప్పి పెడుతూనే ఉన్నాయి. పొద్దున్నే కంప్యూటరు పేరు అడుగుతుంది, అతను కొడతాడు, తెరుచుకుంటుంది. మనుషులొస్తారు, గ్లవ్స్ అంటారు, మాపు అంటారు, హిందీలో, ఇంగ్లీషులో, సైగల్లో. ఇస్తాడు, ఎక్కిస్తాడు. నిద్రొస్తే ఒక కన్ను మూస్తాడు.

ఆ వారంలోనే ఒకతను వచ్చాడు. కొత్త మనిషి, కర్నూలు పక్కనుంచి వచ్చాడట, పేరు ఈరన్న. నర్సింలు ఈడువాడే. కొత్త యూనిఫామ్ మడతలు ఇంకా పోలేదు, బయటి డ్యూటీ వేసినట్టున్నారు, అప్పుడే మొహం కమిలింది. హిందీ రాక గ్లవ్స్‌కోసం చేతులు ఊపి చూపిస్తున్నాడు.

"ఏం సైజు అన్నా?" అన్నాడు నర్సింలు, బ్యాడ్జి మీది పేరు చూసి.

ఈరన్న మొహం విప్పారింది. అయినవాళ్ళు కనబడినట్టు బల్లమీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగాడు. "అబ్బ, తెలుగోళ్ళా! వచ్చినప్పట్నుంచి తెలుగు మాట ఇనక నోరెండిపాయ. నీ పేరేమన్నా?"

"రత్నాకర్" అన్నాడు నర్సింలు.

అన్నాక కాసేపు కీబోర్డు వంక చూశాడు. తర్వాత గ్లవ్స్ జత ఒకటి తీసి ఈరన్న చేతిలో పెట్టి, ఆ సంగతి కంప్యూటర్లో ఎక్కించాడు.